జాబితాలోంచి ఒకరు: కంప్యూటర్ చీటీ తీసే తీరు

ఎన్నికలు దగ్గర పడగానే దినపత్రికల జిల్లా పేజీల్లో ఓ చిన్న వార్త కనిపిస్తుంది. పార్టీల ప్రతినిధుల సమక్షంలో ఈవీఎంల తొలి విడత ర్యాండమైజేషన్ పూర్తయిందని అందులో ఉంటుంది. కొన్ని రోజులకు పోలింగ్ సిబ్బంది ర్యాండమైజేషన్ వార్త వస్తుంది. చాలామంది ఆ రెండు ముక్కలూ చదివి పేజీ తిప్పేస్తారు. ఆ గదిలో జరిగే పని మాత్రం తెలుసుకోదగ్గది. వేల పేర్లున్న జాబితా ఒకటి కంప్యూటర్‌లో ఉంటుంది. ఏ పేరు ఎక్కడికి వెళ్తుందో మీట నొక్కేదాకా ఎవరికీ తెలియకూడదు. నొక్కాక మాత్రం పేరు, శాఖ, ఫోన్ నంబరు, వెళ్లాల్సిన చోటు అన్నీ ఒకరివి ఒకరికి అంటుకోకుండా సరిగ్గా రావాలి.

ప్రోగ్రామర్లు దీన్ని జాబితాలోంచి ఒక ఆబ్జెక్ట్‌ను ర్యాండమ్‌గా తీసి, దాని అట్రిబ్యూట్లు చదవడం అంటారు. కోడింగ్ నేర్చుకునే పిల్లలు తొలి వారాల్లోనే చేసే అభ్యాసం ఇది. క్విజ్ యాప్‌లో తర్వాతి ప్రశ్న, వీడియో గేమ్‌లో ఎదురయ్యే శత్రువు, ఫోన్‌లో పాటల షఫుల్ అన్నీ ఇలాగే వస్తాయి. తిరుమల ఆర్జిత సేవలకు టీటీడీ ఆన్‌లైన్‌లో తీసే లక్కీ డిప్ కూడా స్వభావంలో ఇదే కోవకు చెందుతుంది. కోడ్‌లో రాస్తే రెండు మూడు లైన్లు. ఆ లైన్లలో పొరపాటు చేసి పరువు పోగొట్టుకున్న పెద్ద కంపెనీ ఉంది. వాటిలో మోసం దాచి జైలుపాలైన ఉద్యోగి ఉన్నాడు. ఇదే పనిని కంప్యూటర్ లేకుండా చేతులతో చేయబోయి, వేల మంది యువకుల జాతకాన్ని ఒక పక్కకు ఒరగనిచ్చిన ప్రభుత్వమూ ఉంది.

ముందు ఆబ్జెక్ట్ సంగతి చూద్దాం. పోలింగ్ సిబ్బంది వివరాల కోసం అచ్చు వేసిన ఖాళీ ఫారం ఉందనుకోండి. పేరు, శాఖ, పనిచేసే నియోజకవర్గం, నివసించే నియోజకవర్గం, సొంత నియోజకవర్గం అని అందులో గడులున్నాయి. ఆ ఖాళీ నమూనాను క్లాస్ అంటారు. ఒక ఉద్యోగి తన వివరాలతో నింపి ఇచ్చిన ఫారం ఒక ఆబ్జెక్ట్. అందులోని ఒక్కో గడి ఒక్కో అట్రిబ్యూట్. అలా నింపిన ఫారాలన్నీ వరసగా పేర్చిన కట్ట లిస్ట్. ఏదైనా గడిలో ఏముందో కావాలంటే ఆబ్జెక్ట్ పేరు రాసి, పక్కన చుక్క పెట్టి, గడి పేరు రాస్తే చాలు.

పైథాన్ భాషలో అయితే ఇంతే:

ఎంపిక = ర్యాండమ్.చాయిస్(ఉద్యోగులు)
ప్రింట్(ఎంపిక.పేరు)
ప్రింట్(ఎంపిక.శాఖ)

పైథాన్ మూడో తరంలో 'ఎంపిక', 'పేరు', 'శాఖ' లాంటి సొంత పేర్లను నిజంగానే తెలుగు లిపిలో రాసుకోవచ్చు. ప్రోగ్రాం నడుస్తుంది. 'ర్యాండమ్', 'చాయిస్', 'ప్రింట్' లాంటి సిద్ధంగా ఉన్న ఆదేశాలను మాత్రం ఇంగ్లిష్ అక్షరాల్లోనే రాయాలి. చదవడానికి వీలుగా ఉంటుందని ఇక్కడ అన్నీ తెలుగులో ఇచ్చాం. తెలుగు మాధ్యమంలో చదివే పిల్లలకు కోడింగ్ చెప్పే ఉపాధ్యాయులు ఈ వెసులుబాటును ఇంకా బాగా వాడుకోవాల్సి ఉంది. గడి పేరు సొంత భాషలో కనిపిస్తే, ఆ గడి దేనికోసమో పిల్లలకు వేరే చెప్పాల్సిన పని ఉండదు.

చరిత్రలో ఓ ముచ్చట ఉంది. క్లాస్, ఆబ్జెక్ట్ అనే ఆలోచనలు మొదట రూపు దిద్దుకున్నది నార్వే రాజధాని ఓస్లోలో, సిమ్యులా 67 అనే ప్రోగ్రామింగ్ భాషలో. ఓలె యోహాన్ డాల్, క్రిస్టెన్ నీగార్డ్ దాని సృష్టికర్తలు. నిజ జీవితంలోని వ్యవస్థలను కంప్యూటర్‌లో నడిపి చూడటం వాళ్ల లక్ష్యం. క్యూలో నిలబడే కస్టమర్ ఎప్పుడు వస్తాడో, కౌంటర్ దగ్గర ఎంతసేపు ఉంటాడో ముందుగా చెప్పలేం కదా. అందుకని ఆ భాషలోనే యాదృచ్ఛికంగా విలువలు తీసిచ్చే సదుపాయాలు కూడా కలిపి పెట్టారు. అంటే ఆబ్జెక్టూ, దానితో పనిచేసే ర్యాండమ్ లాటరీ ఒకే ఇంట్లో పుట్టి పెరిగాయి. ఆ కృషికి వారిద్దరికీ 2001 సంవత్సరపు ట్యూరింగ్ అవార్డు దక్కింది.

మళ్లీ మన మూడు లైన్ల దగ్గరికి వద్దాం. కొత్తగా నేర్చుకునేవాళ్లు ఎక్కువగా చేసే తప్పు ఇలా ఉంటుంది:

ప్రింట్(ర్యాండమ్.చాయిస్(ఉద్యోగులు).పేరు)
ప్రింట్(ర్యాండమ్.చాయిస్(ఉద్యోగులు).శాఖ)

చూడటానికి ఒక లైన్ తగ్గింది, కోడ్ ముచ్చటగా ఉంది. కానీ ఇక్కడ కంప్యూటర్ రెండుసార్లు చీటీ తీస్తోంది. మొదటిసారి వచ్చిన ఉద్యోగి పేరు, రెండోసారి వచ్చిన మరో ఉద్యోగి శాఖ పక్కపక్కనే అచ్చవుతాయి. పశుసంవర్ధక శాఖ ఉద్యోగి పేరు ముందు రెవెన్యూ శాఖ అని పడుతుంది. కంప్యూటర్ దీన్ని తప్పుగా గుర్తించదు. అడిగింది అడిగినట్టే చేసింది కాబట్టి తెర మీద ఎర్ర అక్షరాలేమీ రావు. ఇలా మౌనంగా దాగి ఉండే తప్పులే ప్రోగ్రామింగ్‌లో అన్నిటికన్నా ప్రమాదకరమైనవి.

ఇంకో చిక్కు ఉంది. ప్రోగ్రాం రాసిన కుర్రాడు పరీక్షించడానికి ముగ్గురి పేర్లతో చిన్న జాబితా పెట్టుకుంటాడు. ముగ్గురే ఉన్నప్పుడు రెండుసార్లు తీసినా ఇద్దరూ ఒకరే అయ్యే అవకాశం మూడింట ఒకటి. రెండు మూడుసార్లు నడిపి చూసి, అంతా సరిగ్గానే ఉందనుకుని వదిలేస్తాడు. అసలు జాబితాలో వెయ్యి మంది ఉంటే ఆ అవకాశం వెయ్యింట ఒకటికి పడిపోతుంది. అంటే దాదాపు ప్రతి వరసా తప్పే. అందుకే తీసేది ఒక్కసారే తీయాలి, తీసినదాన్ని ఒక పేరు కింద భద్రపరచుకోవాలి, ఆ తర్వాత ఎన్ని వివరాలు కావాలన్నా దాన్నే అడగాలి. ఈ మొత్తం విషయంలో పిల్లలకు మొట్టమొదట నేర్పాల్సింది ఇదే.

చుక్క దగ్గర కూడా కొన్ని మెలికలున్నాయి. చుక్క పెట్టడం మరిచిపోయి 'ప్రింట్(ఎంపిక)' అని రాస్తే ఉద్యోగి పేరు రాదు. ఫలానా క్లాస్‌కు చెందిన ఆబ్జెక్ట్ మెమరీలో ఫలానా చిరునామాలో ఉందని అంకెలు, అక్షరాలు కలిసిన ఒక వింత వాక్యం వస్తుంది. తొలిసారి చూసిన పిల్లలు కంగారు పడతారు గానీ అందులో భయపడాల్సిందేమీ లేదు. ఫారంలో ఏముందో అడగకుండా ఫారం ఎక్కడుందో అడిగినట్టయింది, అంతే. గడి పేరును తప్పుగా రాసి చదవబోతే, అలాంటి అట్రిబ్యూట్ లేదని పైథాన్ వెంటనే ఆగిపోతుంది. అది మంచిదే. కానీ తప్పు పేరుతో విలువ రాయబోతే మామూలు క్లాసుల్లో ఆగదు. ఆ తప్పు పేరుతోనే కొత్త గడి ఒకటి సృష్టించి, అందులో రాసేస్తుంది. అసలు గడి పాత విలువతో అలాగే ఉండిపోతుంది.

లిస్ట్‌లోంచి తీసిన ఆబ్జెక్ట్ నకలు కాదన్న సంగతి కూడా గుర్తుంచుకోవాలి. 'ఎంపిక' అనే పేరు కిందకు వచ్చింది జాబితాలో ఉన్న అదే ఆబ్జెక్ట్. దానిమీద డ్యూటీ పడిందని గుర్తు పెడితే జాబితాలోనూ ఆ గుర్తు కనిపిస్తుంది. తెలిసి వాడుకుంటే ఇది గొప్ప సౌకర్యం, ఒకే మనిషికి రెండుసార్లు డ్యూటీ పడకుండా చూసుకోవచ్చు. తెలియకపోతే ఎక్కడో మార్చిన విలువ ఇంకెక్కడో మారి తల పట్టుకోవాల్సి వస్తుంది.

ఒకరు కాకుండా ఐదుగురు కావాలంటే? పైథాన్‌లో దీనికి రెండు దారులున్నాయి. 'చాయిసెస్' అనే ఆదేశం ప్రతిసారీ పూర్తి జాబితాలోంచి తీస్తుంది, కాబట్టి వచ్చినవారే మళ్లీ రావచ్చు. 'శాంపుల్' అనే ఆదేశం ఒకసారి వచ్చినవారిని మళ్లీ రానివ్వదు. ఈ తేడా ఎంత ముఖ్యమో చెప్పడానికి మన ఎన్నికల్లోనే ఉదాహరణ ఉంది. ఒక్కో అసెంబ్లీ సెగ్మెంట్‌లో ఒక పోలింగ్ కేంద్రంలోని వీవీప్యాట్ చీటీలనే లెక్కించే పద్ధతి ఉన్నప్పుడు, సగం కేంద్రాల్లో లెక్కించాలని చంద్రబాబు నాయుడు సహా 21 మంది ప్రతిపక్ష నేతలు సుప్రీంకోర్టుకు వెళ్లారు. 2019 ఏప్రిల్ 8న కోర్టు ఆ సంఖ్యను ఐదుకు పెంచింది. ఆ ఐదూ వేర్వేరు కేంద్రాలు కావాలి. నియోజకవర్గంలో 250 కేంద్రాలున్నాయనుకుని 'చాయిసెస్'తో ఐదు తీస్తే, దాదాపు పాతికసార్లలో ఒకసారి ఏదో ఒక కేంద్రం రెండుసార్లు వస్తుంది. ఐదు అనుకున్నది నాలుగే అవుతుంది. 'శాంపుల్'తో ఆ సమస్యే లేదు.

వీవీప్యాట్ కేంద్రాల ఎంపికలో గమనించాల్సింది మరొకటుంది. యంత్రాలను నియోజకవర్గాలకు, ఆ తర్వాత పోలింగ్ కేంద్రాలకు కేటాయించే రెండు విడతల ర్యాండమైజేషన్ ఎన్నికల సంఘం సాఫ్ట్‌వేర్‌తోనే జరుగుతుంది. చివర్లో తనిఖీకి కేంద్రాలను ఎంచేటప్పుడు మాత్రం రిటర్నింగ్ అధికారి అభ్యర్థులు, ఏజెంట్ల ముందు కాగితపు కార్డులతో లాటరీ తీస్తారు. కార్డుల మీద కేంద్రాల నంబర్లుంటాయి, వాటిని కలపడం, తీయడం అందరి కళ్ల ముందే జరుగుతుంది. కోడ్ చదవడం రాని ఏజెంటు కూడా ఆ కలపడాన్ని చూడగలడు, అభ్యంతరం చెప్పగలడు. వేల యంత్రాల దగ్గర కంప్యూటర్‌నూ, ఐదు కేంద్రాల దగ్గర కాగితాన్నీ వాడటం తెలివైన ఏర్పాటు.

పోలింగ్ సిబ్బంది విషయంలో ఉన్నవాళ్లందరిలోంచి ఎవరో ఒకరిని తీస్తే కుదరదు. సొంత నియోజకవర్గంలో గానీ, నివసించే చోట గానీ, ఉద్యోగం చేసే చోట గానీ డ్యూటీ వేయకూడదన్నది నియమం. కాబట్టి ముందు ప్రతి ఆబ్జెక్ట్‌లోనూ ఆ మూడు గడులు చదివి, ఆ నియోజకవర్గానికి అర్హులైన వారితో వేరే జాబితా తయారు చేసుకోవాలి. తర్వాతే లాటరీ. కోడ్‌లో ఇది ఒక్క లైను. అట్రిబ్యూట్లు చదవడం లాటరీ తర్వాతే కాదు, లాటరీకి ముందు కూడా అవసరమని దీనితో తెలుస్తుంది. వడపోత మరీ కఠినమై జాబితా ఖాళీ అయిపోతే మాత్రం 'చాయిస్' ఎర్రర్ ఇచ్చి ఆగిపోతుంది. ఖాళీ జాబితాలోంచి దేన్ని తీస్తుంది మరి? ఆ పరిస్థితికి ఏం చేయాలో ప్రోగ్రామర్ ముందే రాసి పెట్టుకోవాలి.

వడపోసి చీటీ తీయడం కొత్త ఆలోచనేమీ కాదు. తమిళనాడులోని ఉత్తరమేరూరు శాసనాలు చోళరాజు మొదటి పరాంతకుడి కాలానివి, పదో శతాబ్దం తొలినాళ్లవి. గ్రామసభ సంఘాలకు సభ్యులను ఎలా ఎంచాలో వాటిలో వివరంగా చెక్కారు. వయసు 35కు, 70కి మధ్య ఉండాలి. పన్ను కట్టే భూమి, సొంత స్థలంలో ఇల్లు ఉండాలి. వేదజ్ఞానం ఉండాలి. గత మూడేళ్లలో సంఘంలో పనిచేసి ఉండకూడదు. లెక్కలు అప్పజెప్పని వాడికీ, అతని దగ్గరి బంధువులకూ అర్హత లేదు. ఇవన్నీ దాటినవారి పేర్లు తాటాకుల మీద రాసి, కుండలో వేసి, అందరూ చూస్తుండగా ఒక బాలుడితో తీయించేవారు. వెయ్యేళ్ల కిందటి ఆ రాతి మీద ఉన్నది అచ్చంగా నేటి ప్రోగ్రామర్ రాసే వడపోత, దాని తర్వాత లాటరీ. స్త్రీలకూ, భూమి లేనివారికీ ఆ కుండలో తాటాకే లేదన్నది కూడా మరువకూడదు. జాబితాలోకి ఎవరిని రానిచ్చారన్న ప్రశ్న లాటరీ కన్నా ముందే తేలిపోతుంది.

ఇంతకీ కంప్యూటర్ చీటీ ఎలా తీస్తుంది? అది లెక్క తప్ప మరొకటి తెలియని యంత్రం. ఒకే లెక్కకు ఎప్పుడూ ఒకే జవాబిస్తుంది. అలాంటి దానితో యాదృచ్ఛిక సంఖ్యలు పుట్టించడానికి 1940లలో జాన్ వాన్ న్యూమన్ ఒక ఉపాయం చెప్పాడు. నాలుగంకెల సంఖ్యను తీసుకుని వర్గం కట్టి, మధ్య నాలుగంకెలు తీసుకోవాలి. 1234 వర్గం 1522756. ముందు సున్నా చేర్చి ఎనిమిది అంకెలు చేస్తే మధ్యలో 5227 వస్తుంది. దాని వర్గం 27321529, మధ్యలో 3215. చూస్తే అడ్డదిడ్డంగానే ఉన్నాయి. కానీ ఎక్కడో 2500 తగిలిందంటే కథ ముగిసినట్టే. 2500 వర్గం 6250000, ముందు సున్నా చేర్చి మధ్య నాలుగంకెలు తీస్తే మళ్లీ 2500. ఎన్నిసార్లు చేసినా అదే. కాలిక్యులేటర్ ఉన్న ఎవరైనా చేసి చూసుకోవచ్చు.

ఇప్పుడు పైథాన్ వాడేది మెర్సెన్ ట్విస్టర్ అనే పద్ధతి. జపాన్ గణిత శాస్త్రజ్ఞులు మకోతో మత్సుమోతో, తకుజీ నిషిమురా 1997లో దాన్ని రూపొందించారు. అది మొదటికి తిరిగి రావడానికి పట్టే అడుగుల సంఖ్యను రాయాలంటే రెండును 19,937 సార్లు హెచ్చించి ఒకటి తీసేయాలి. ఆ సంఖ్యకు ఆరు వేల అంకెలుంటాయి. మామూలు పనులకు ఇది చాలు. ఈ పద్ధతికి మొదట ఇచ్చే సంఖ్యను సీడ్ అంటారు. అదే సీడ్ ఇస్తే ఎప్పుడైనా, ఎక్కడైనా అదే వరస వస్తుంది.

వచ్చిన సంఖ్యను జాబితాలోని స్థానంగా మార్చడంలోనూ జాగ్రత్త ఉంది. యంత్రం సున్నా నుంచి తొమ్మిది దాకా ఒక అంకె ఇస్తుందనీ, జాబితాలో ముగ్గురున్నారనీ అనుకుందాం. అంకెను మూడుతో భాగించి శేషం తీసుకుంటే సరిపోతుందనిపిస్తుంది. లెక్క వేయండి. 0, 3, 6, 9 వస్తే మొదటివాడు. 1, 4, 7 వస్తే రెండోవాడు. 2, 5, 8 వస్తే మూడోవాడు. మొదటివాడికి నాలుగు అవకాశాలు, మిగిలినవారికి మూడేసి. ఎవరూ మోసం చేయలేదు, అయినా న్యాయం జరగలేదు. విరుగుడు చాలా సులువు. తొమ్మిది వస్తే పారేసి మళ్లీ తీయాలి. పైథాన్‌లోని 'చాయిస్' లోపల చేసేది ఇలాంటిదే, తనకు అక్కర్లేని సంఖ్య వస్తే వదిలేసి మరొకటి తీసుకుంటుంది. సిద్ధంగా ఉన్న ఆదేశాన్ని వదిలి సొంతంగా రాసుకోవాలన్న సరదా ఇక్కడ మంచిది కాదు.

కలపడం సరిగ్గా లేకపోతే ఏమవుతుందో అమెరికా 1969 డిసెంబరు 1న చూసింది. వియత్నాం యుద్ధానికి యువకులను పిలవడానికి ఆ రాత్రి లాటరీ తీశారు. ఏడాదిలోని 366 తేదీలను నీలం రంగు ప్లాస్టిక్ గుళికల్లో పెట్టారు. ఏ తేదీ ముందు వస్తే ఆ రోజున పుట్టినవారికి పిలుపు ముందు. తొలి గుళికలో సెప్టెంబరు 14 వచ్చింది. గుళికలను నెలల వరసలో పెట్టెలో వేశారు, కలపడం సరిగ్గా జరగలేదు. చివర వేసిన నెలల తేదీలు ముందుగా చేతికి తగిలాయి. చివరకు 195వ నంబరు దాకా పిలిచారు. డిసెంబరులోని 31 రోజుల్లో ఆ పిలుపు తప్పించుకున్నవి ఐదే. సమంగా కలిపి ఉంటే సుమారు 14 రోజులు తప్పించుకునేవి. గణాంక శాస్త్రజ్ఞులు ఈ అంకెలను బయటపెట్టాక మరుసటి ఏడాది పద్ధతి మార్చారు. డిసెంబరులో పుట్టడం ఎవరి నేరమూ కాదు.

గుళికలకు కావాల్సిన కలపడం కంప్యూటర్ జాబితాకూ కావాలి. దాని అసలు పద్ధతిని రొనాల్డ్ ఫిషర్, ఫ్రాంక్ యేట్స్ 1938లో తమ గణాంక పట్టికల పుస్తకంలో రాశారు. అప్పటికి కంప్యూటర్లు లేవు, కాగితం, పెన్సిలే సాధనాలు. ఫిషర్ అంతకుముందు ఇంగ్లండ్‌లోని రోథామ్‌స్టెడ్ వ్యవసాయ పరిశోధన కేంద్రంలో పనిచేస్తూ, ఏ మడికి ఏ ఎరువు వేయాలన్నది లాటరీతోనే తేల్చాలని పట్టుబట్టిన మనిషి. మంచి నేలకే మంచి ఎరువు పడితే ఫలితం దేనివల్ల వచ్చిందో తెలియదన్నది ఆయన వాదన. ఆయన దగ్గరే కేంబ్రిడ్జిలో 1948లో డాక్టరేట్ చేశారు మన తెలుగువారు సి.ఆర్.రావు. ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో గణితం చదివి, కలకత్తాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో ఎదిగి, 2023లో అంతర్జాతీయ గణాంక బహుమతి అందుకున్న రావు ఈ పరంపరలోని మనిషే.

ఫిషర్, యేట్స్ పద్ధతిని 1964లో రిచర్డ్ డర్‌స్టెన్‌ఫెల్డ్ కంప్యూటర్‌కు అనువుగా మలిచాడు. జాబితా చివరి స్థానం నుంచి మొదలుపెట్టి, ఇంకా తేలని వాటిలోంచి ఒకదాన్ని తీసి అక్కడ పెట్టాలి. తేలిన స్థానాన్ని మళ్లీ ముట్టుకోకూడదు. ముగ్గురుంటే మొదటి అడుగులో మూడు దారులు, రెండో అడుగులో రెండు, చివర ఒకటి. మొత్తం ఆరు. ముగ్గురిని నిలబెట్టగల వరసలూ ఆరే. ఒక్కో వరసకు సరిగ్గా ఒక్కో దారి. దీన్ని పట్టించుకోకుండా ప్రతి అడుగులో ముగ్గురిలో ఎవరినైనా మార్చవచ్చని రాస్తే దారులు మూడు మూళ్లు తొమ్మిది, తొమ్మిది మూళ్లు ఇరవై ఏడు అవుతాయి. ఇరవై ఏడు దారులను ఆరు వరసలకు సమంగా పంచలేం. కొన్ని వరసలు ఎక్కువసార్లు వచ్చి తీరతాయి. ఇంత చిన్న ఎక్కాల లెక్క దగ్గర ఎందరో ప్రోగ్రామర్లు తడబడ్డారు.

ఐరోపా కమిషన్‌తో కుదిరిన ఒప్పందం ప్రకారం 2010లో మైక్రోసాఫ్ట్ అక్కడి విండోస్ వినియోగదారులకు బ్రౌజర్లు ఎంచుకునే తెర చూపించింది. ప్రధానమైన ఐదు బ్రౌజర్లు యాదృచ్ఛికమైన వరసలో కనిపించాలి. ఏది ముందుంటే దానికి లాభం కాబట్టే ఈ జాగ్రత్త. కోడ్ రాసినవారు కలపడానికి ప్రత్యేకమైన పద్ధతి వాడలేదు. జాబితాను వరసలో పెట్టే సార్ట్ ఆదేశాన్ని తీసుకుని, రెండింటిలో ఏది ముందు అని అది అడిగినప్పుడల్లా బొమ్మా బొరుసూ వేసి జవాబివ్వమన్నారు. సార్ట్ అనేది నిలకడైన జవాబుల మీద ఆధారపడిన పని. ఒకసారి అది పెద్దదనీ, మరోసారి ఇది పెద్దదనీ చెబితే ఫలితం ఎటో ఒకవైపు ఒరిగిపోతుంది. రాబ్ వీర్ అనే ఇంజినీరు ఆ తెరను వేలసార్లు నడిపి లెక్కగట్టి చూపాడు. ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌లో నడిపినప్పుడు ఆ కంపెనీ సొంత బ్రౌజరే దాదాపు సగంసార్లు చివరి స్థానంలో పడుతోంది! అందరి సందేహం తన సరుకును ముందు పెట్టుకుంటుందేమోనని, జరిగింది తలకిందులు. కుట్ర లేదు, పద్ధతి తెలియకపోవడమే. కంపెనీ వెంటనే కోడ్ మార్చింది.

సీడ్ దగ్గర జరిగిన పొరపాటుకు పేరుమోసిన ఉదాహరణ 1999లో ఇంటర్నెట్ పేకాటలో బయటపడింది. తాము పేకలు ఎంత న్యాయంగా కలుపుతామో చూడండంటూ ఒక పోకర్ సాఫ్ట్‌వేర్ సంస్థ తన కోడ్‌ను బయట పెట్టింది. అర్ధరాత్రి నుంచి గడిచిన మిల్లీసెకన్ల సంఖ్యను సీడ్‌గా వాడుతున్నట్టు అందులో తేలింది. రోజుకు మిల్లీసెకన్లు 8 కోట్ల 64 లక్షలు. 52 పేకలను అమర్చగల వరసల సంఖ్యేమో 68 అంకెలది. అంటే ఉండాల్సిన వరసల్లో లెక్కలోకి రానంత చిన్న భాగమే ఆ ఆటలో కనిపించగలదు. పరిశోధకులు తమ గడియారాన్ని సర్వర్ గడియారంతో కలుపుకుని, అనుమానించాల్సిన వరసలను సుమారు రెండు లక్షలకు కుదించారు. ఐదు పేకలు కనిపించగానే మిగిలినవారి చేతిలో ఏముందో వాళ్ల ప్రోగ్రాం చెప్పేసేది. కోడ్‌ను దాచకుండా బయట పెట్టినందుకే ఆ లోపం దొరికిందన్నది ఆ సంస్థ పక్షాన చెప్పుకోవాల్సిన మాట.

దాచిపెడితే ఏం జరుగుతుందో అమెరికాలోని అయోవాలో తేలింది. అక్కడి బహుళ రాష్ట్రాల లాటరీ సంఘంలో సమాచార భద్రత చూసే ఎడ్డీ టిప్టన్, నంబర్లు తీసే ప్రోగ్రాంలోనే రహస్యంగా కొన్ని లైన్లు చేర్చాడు. ఏడాదిలో కొన్ని నిర్ణీత తేదీల్లో మాత్రమే అవి పనిచేసి, వచ్చే నంబర్లను అతను ముందే ఊహించగలిగేలా చేసేవి. మిగతా రోజుల్లో ప్రోగ్రాం నిక్కచ్చిగా నడిచేది కాబట్టి పరీక్షల్లో దొరకలేదు. 2010 డిసెంబరులో కోటీ 65 లక్షల డాలర్ల జాక్‌పాట్ టికెట్ కొంటూ దుకాణం కెమెరాకు చిక్కాడు. 2017లో నేరం ఒప్పుకున్నాక గరిష్ఠంగా పాతికేళ్ల జైలుశిక్ష పడింది.

పాస్‌వర్డ్‌లు, ఓటీపీలు, డబ్బుతో ముడిపడిన ఎంపికలకు మెర్సెన్ ట్విస్టర్ పనికిరాదు. అది ఇచ్చిన 624 సంఖ్యలను వరసగా చూడగలిగినవారు ఆ తర్వాత రాబోయేవన్నీ లెక్కగట్టేయగలరు. అందుకే పైథాన్ 3.6 నుంచి 'సీక్రెట్స్' అనే వేరే మాడ్యూల్ చేర్చారు. అందులోనూ 'చాయిస్' ఉంది, వాడే తీరూ అదే, చుక్క పెట్టి అట్రిబ్యూట్ చదవడంలోనూ తేడా లేదు. సంఖ్యలు మాత్రం ఆపరేటింగ్ సిస్టమ్ పోగుచేసే ఊహకందని సంకేతాల నుంచి వస్తాయి.

బహిరంగంగా తీసే లాటరీకి కావాల్సింది వేరు. అక్కడ ఫలితం ముందు ఎవరికీ తెలియకూడదు, తర్వాత మాత్రం ఎవరైనా సరిచూసుకోగలగాలి. 'సీక్రెట్స్'తో తీసిన డ్రాను మళ్లీ నడిపి చూపించలేం. ఇంటర్నెట్ ప్రమాణాలు రాసే ఐఈటీఎఫ్ సంస్థ ఈ చిక్కుకు చక్కని దారి వేసుకుంది. పదవులకు మనుషులను ఎంపిక చేసే కమిటీలోకి ఓటు హక్కున్న పదిమంది సభ్యులను అది స్వచ్ఛందంగా ముందుకొచ్చిన వారిలోంచి లాటరీతోనే తీస్తుంది. ఆ విధానాన్ని డొనాల్డ్ ఈస్ట్‌లేక్ 2004లో ఆర్ఎఫ్‌సీ 3797 అనే పత్రంలో వివరించాడు. ముందు పేర్ల జాబితాను వరస నంబర్లతో ప్రకటిస్తారు. ఫలానా తేదీన వచ్చే ఫలానా ప్రభుత్వ లాటరీ అంకెలను సీడ్‌గా వాడతామని ముందే చెబుతారు. ఆ అంకెలు వెలువడ్డాక కోడ్ నడిపి ఎవరికి వారే ఫలితం చూసుకోవచ్చు. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ కూడా ఇలాంటి అవసరాలకు పనికొచ్చేలా నిమిషానికోసారి 512 బిట్ల యాదృచ్ఛిక సంఖ్యను 2013 నుంచి బహిరంగంగా ప్రకటిస్తోంది.

అపార్ట్‌మెంట్‌లో పార్కింగ్ స్థలాలు పంచాల్సి వచ్చినా, కాలేజీలో హాస్టల్ గదులు కేటాయించాల్సి వచ్చినా, సంఘంలో లక్కీ డ్రా తీయాల్సి వచ్చినా ఆ బాధ్యత మీ చేతికి వస్తే ఇలాగే చేయండి. జాబితాను ముందురోజే వరస నంబర్లతో నోటీసు బోర్డులో పెట్టి, అభ్యంతరాలకు గడువిచ్చి, మూసేయండి. ఏ వెర్షన్ పైథాన్‌తో నడుపుతారో, మర్నాడు వెలువడబోయే ఏ బహిరంగ అంకెను సీడ్‌గా తీసుకుంటారో రాసి పెట్టండి. తీసేటప్పుడు మొత్తం ఆబ్జెక్ట్‌ను ఒక్కసారే తీసి, పేరు, నంబరు, గది అన్నీ దాని నుంచే చదవండి. ఆ తర్వాత కోడ్‌ను వాట్సాప్ గ్రూపులో పెట్టేయండి. పైథాన్ ఉచితం, పది పదిహేను లైన్లకు మించని ఆ ప్రోగ్రాంను హైస్కూలు పిల్లలు కూడా ఇంట్లో నడిపి సరిచూడగలరు.